బోర్డు మీద ఎర్ర ప్లస్ గుర్తు ఉందా? తీయడమెలా, బదులేం పెట్టాలి

తెల్లటి నేపథ్యం మీద ఎర్ర ప్లస్ గుర్తు కనిపిస్తే వైద్యం అనుకుంటాం. నిజానికి యుద్ధంలో గాయపడినవాళ్లమీద, వాళ్లకు చికిత్స చేసే సిబ్బందిమీద, వాహనాలమీద దాడి చేయకూడదని చెప్పే గుర్తు అది, పేరు రెడ్‌క్రాస్. 1864 జెనీవా ఒప్పందంతో వచ్చింది. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 53, 54 అధికరణాల ప్రకారం, అనుమతి లేనివాళ్లు శాంతికాలంలో కూడా దాన్ని వాడకుండా ప్రభుత్వాలే చూడాలి. ఎర్ర నెలవంక గుర్తు రెడ్ క్రిసెంట్‌కూ, జెనీవా ఒప్పందాలకు 2005లో జోడించిన మూడో అదనపు ప్రోటోకాల్‌తో చేరిన ఎర్ర వజ్రాకారపు గుర్తు రెడ్ క్రిస్టల్‌కూ ఇదే రక్షణ ఉంది.

అనుమతి లేకుండా వాడుతుంటే తీసేయాల్సిందే. ముందుగా గుర్తు ఎక్కడెక్కడ ఉందో జాబితా రాసుకోండి. బోర్డు, అంబులెన్స్ తలుపులు, పైకప్పు అందరికీ గుర్తొస్తాయి. తప్పించుకునేవి వేరే: ప్రిస్క్రిప్షన్ కాగితాలు, రబ్బరు స్టాంపు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె మూత, యాప్ ఐకాన్, ఆటల్లో ప్రాణం నింపే డబ్బా, బొమ్మ అంబులెన్స్.

తర్వాత అసలు చిక్కు: ఏది అనుకరణ? ఎరుపు ఛాయ ఇదీ అని గానీ, ప్లస్ చేతుల కొలత ఇంత అని గానీ ఒప్పందంలో లేదు. కాబట్టి ‘మాది మెరూన్’, ‘మా చేతులు సన్నం’ అనే వాదన నిలవదు. మధ్యలో హృదయం బొమ్మో, సంస్థ పేరో ఇరికించినా అంతే. దూరం నుంచి చూసేవాడు పొరబడేలా ఉంటే అనుకరణే. ఎంత మంచి ఉద్దేశంతో వాడినా, ఎన్నేళ్లనుంచి వాడుతున్నా 53వ అధికరణం ముందు లెక్కలోకి రాదు.

రంగులు తిరగేసి ఎరుపు మీద తెల్ల ప్లస్ వేస్తే స్విట్జర్లాండ్ చిహ్నం అవుతుంది. అదే అధికరణం దాన్నీ నిషేధించింది. డిజైనర్లు తరచూ బోల్తా పడేది పారదర్శక ఫైలుతో: ముదురు స్క్రీన్ మీద బాగానే ఉన్న ఎర్ర ఐకాన్, తెల్ల కాగితం మీద అచ్చయ్యేసరికి అచ్చంగా రెడ్‌క్రాస్ అవుతుంది.

బదులుగా ఆకుపచ్చ మీద తెల్ల ప్లస్ వాడండి. భద్రతా గుర్తుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010లో ప్రథమ చికిత్సకు అదే గుర్తు. అంబులెన్సుల మీద కనిపించే నీలి ఆరుకోణాల నక్షత్రం కొన్నిచోట్ల రిజిస్టరైన గుర్తు, విచారించి వాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చిహ్నం జోలికి అసలు పోవద్దు. దానికీ వేరే రక్షణ ఉంది. మార్చేటప్పుడు ముందు కొత్త ప్రింటింగ్ ఆర్డర్లు ఆపండి, తర్వాత పాత సరుకు సంగతి చూడండి. వాహనం మీద స్టిక్కర్ పీకేస్తే సరిపోదు, ఎండకు వెలవని చోట పాత ఆకారం మిగిలే ఉంటుంది. ఆ పలక మొత్తానికి మళ్లీ పెయింట్ వేయాలి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో గుర్తు ఉంటే దాన్నీ ఉపసంహరించండి.

అనుమతి ఎవరికుంది? సైన్యాల వైద్య విభాగాలకు, జాతీయ రెడ్‌క్రాస్, రెడ్ క్రిసెంట్ సొసైటీలకు, వాటి అంతర్జాతీయ సంస్థలకు. సొసైటీ తన పనుల కోసం వాడే గుర్తు చిన్నదిగా ఉండాలి, భవనాల పైకప్పుల మీద, చేతిపట్టీల మీద వేయకూడదు. పౌర ఆసుపత్రులు రక్షణ గుర్తుగా పెట్టుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పూర్తిగా ఉచితంగా చికిత్స చేసే అంబులెన్సులు, సహాయ కేంద్రాలు శాంతికాలంలో వాడుకునే మినహాయింపు 44వ అధికరణంలో ఉంది. దానికీ దేశ చట్టం ఒప్పుకోవాలి, జాతీయ సొసైటీ స్పష్టంగా అనుమతించాలి. సొసైటీలో శిక్షణ తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు రాదు.

వేరేవాళ్ల బోర్డు మీద కనిపిస్తే ఫొటో, తేదీ, చిరునామాతో మీ దేశ సొసైటీకి రాయండి. సొసైటీ మాట వినకపోతే చర్య తీసుకోవలసింది ప్రభుత్వం. సోషల్ మీడియాలో దుమ్మెత్తిపోయడం అనవసరం. చాలామంది తెలియకే వాడతారు. యుద్ధంలో శత్రువును నమ్మించి దాడి చేయడానికి గుర్తును వాడుకుంటే సంగతి వేరు, 1977 మొదటి అదనపు ప్రోటోకాల్ 85వ అధికరణం కింద అది యుద్ధ నేరం.