ఇంగ్లీషు రాత, ఏడో పాఠం: ‘బ్యాడ్ క్వాలిటీ’ అని సరిపెట్టకుండా

పోయిన పాఠంలో ‘గుడ్’ అనే మాట లేకుండా మెచ్చుకోవడం సాధన చేశాం. ఈసారి ‘బ్యాడ్’ వంతు. బాగున్నదాని గురించి రాయడం కన్నా బాగులేనిదాని గురించి రాయడం కష్టం. మెచ్చుకోలులో మాట కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. తప్పు పట్టేటప్పుడు మాట గురి తప్పితే, చేయని తప్పు ఎవరి నెత్తినో పడుతుంది.

కొన్న కుర్చీ ఆరు నెలలకే పాడైందనుకోండి. ‘ద చెయిర్ ఈజ్ బ్యాడ్’ అని రాస్తే అది మీకు నచ్చలేదన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. చెక్క పలచనా? మేకులు సరిగా దిగలేదా? చెప్పిన ప్రమాణానికి తగ్గట్టు లేదా? వాడకంలో అరిగిపోయిందా? మనం తెలుగులో ‘నాసిరకం’ అన్న ఒక్క మాటతో వీటిలో చాలావరకు నెట్టుకొస్తాం. ఇంగ్లీషులో ఒక్కోదానికీ ఒక్కో మాట ఉంది. అందుకే డిక్షనరీ తెరవక ముందే ఒక ప్రశ్న వేసుకోండి: లోపం ఎక్కడుంది? చేసిన చేతిలోనా, వాడిన సరుకులోనా, గడిచిన కాలంలోనా?

చేతిలో ఉంటే ‘షాడీ’. ఈ మాట పుట్టుక తెలిస్తే వాడుక మరిచిపోరు. షాడీ మొదట ఒక గుడ్డ పేరు. 1813 ప్రాంతంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్ళో, బెంజమిన్ లా అనే బట్టల తయారీదారు పాత ఉన్ని పేలికలను పీచు పీచుగా చీల్చి, కొత్త ఉన్నితో కలిపి మళ్ళీ నేయించే పద్ధతి తెచ్చాడు. అలా వచ్చిన గుడ్డే షాడీ. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యాక సైనికులకు ఈ రకం గుడ్డతో కుట్టిన యూనిఫారాలు అందాయి. చూపుకు కొత్తవే, వాడకానికి నిలవలేదు. అప్పటి నుంచి, పైకి పని పూర్తయినట్టు కనబడుతూ నిజానికి అజాగ్రత్తగా చేసిన ప్రతిదానికీ ఆ పేరు అంటుకుంది.

కాబట్టి షాడీ అన్నారంటే ఎవరో శ్రద్ధ పెట్టలేదని అంటున్నారన్నమాట. ‘షాడీ వర్క్‌మన్‌షిప్’, ‘షాడీ రిపేర్స్’, ‘షాడీ జర్నలిజం’ అంటారు. ‘షాడీ వెదర్’ అనరు, ఎందుకంటే వాతావరణాన్ని ఎవరూ అజాగ్రత్తగా తయారు చేయరు. ఒక హెచ్చరిక: ‘షేడీ’ వేరే మాట. దాని స్పెల్లింగులో ‘ఓ’ బదులు ‘ఏ’ ఉంటుంది, ‘డి’ ఒకటే ఉంటుంది, అర్థం ‘అనుమానించాల్సిన’ అని. ‘షేడీ బిల్డర్’ అని రాస్తే ఆ మేస్త్రీ మోసగాడనే అర్థం వస్తుంది. పని బాగులేదనడానికీ మనిషి మంచివాడు కాదనడానికీ మధ్య ఉన్న దూరమంతా ఇక్కడ రెండు అక్షరాల్లో ఉంది.

షాడీకి దగ్గరి చుట్టం ‘స్లిప్‌షాడ్’. వదులు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళ గురించి పుట్టిన మాట ఇది. ఇది వస్తువుకన్నా పని తీరుకు బాగా నప్పుతుంది. కుర్చీ షాడీ, దాన్ని తయారు చేసిన పద్ధతి స్లిప్‌షాడ్. చదువులో, పరిశోధనలో, లెక్కల పుస్తకాల్లో అలసత్వం కనిపిస్తే ఇదే సరైన మాట. ఇంకొకటి ‘పర్‌ఫంక్టరీ’. మన ‘మొక్కుబడి’, ‘తూతూమంత్రం’ దీనికి అచ్చంగా సరిపోతాయి. ‘ఎ పర్‌ఫంక్టరీ ఇన్‌స్పెక్షన్’ అంటే తనిఖీ జరిగింది, తనిఖీ చేసినవాళ్ళ మనసు మాత్రం అందులో లేదు. ఈ మూడింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. పని ఎగ్గొట్టారని ఆరోపించకుండానే జరిగింది జరిగినట్టు చెబుతుంది.

ఇక సరుకు సంగతి. పలచగా, తేలిగ్గా, కాస్త నొక్కితే వంగిపోయేలా ఉంటే ‘ఫ్లిమ్సీ’. బరువైన రాతి బల్ల విరిగినా దాన్ని ఫ్లిమ్సీ అనలేం. కీళ్ళు వదులై ఊగుతుంటే ‘రికెటీ’. ఫ్లిమ్సీ వస్తువుల దగ్గరే ఆగదు. ‘ఫ్లిమ్సీ ఎక్స్‌క్యూజ్’, ‘ఫ్లిమ్సీ ఎవిడెన్స్’ అంటే గట్టిగా ఒక ప్రశ్న వేస్తే నిలబడని సాకు, నిలబడని సాక్ష్యం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను కొన్న పుస్తకాల అల్మారా అరలు నెలలోపే మధ్యలో కిందికి వంగాయి. కోపంతో కంపెనీకి ‘డిఫెక్టివ్’ అని రాశాను. అన్ని అల్మారాలూ అలాగే ఉంటాయి, మీకు వచ్చినదాంట్లో ప్రత్యేకంగా ఏ లోపమూ లేదని జవాబు వచ్చింది. నేను వాడిన మాటే వాళ్ళకు ఆ దారి ఇచ్చింది. ‘డిఫెక్టివ్’ అనగానే, చూపించగలిగే లోపం ఏదో ఒకటి ఉండాలని చదివేవాళ్ళు ఎదురుచూస్తారు: పగులు, తప్పిపోయిన భాగం, పని చేయని స్విచ్. నా అల్మారాలో అలాంటిది లేదు, చెక్కే పలచన. రెండోసారి ఇలా రాశాను: ‘ద షెల్వ్స్ ఆర్ టూ ఫ్లిమ్సీ టు హోల్డ్ ద వెయిట్ స్టేటెడ్ ఇన్ యువర్ మాన్యువల్.’ మీరే మాన్యువల్‌లో రాసిన బరువును ఈ అరలు మోయలేకపోతున్నాయని. ఈసారి డబ్బు వెనక్కి ఇచ్చారు. విశేషణం సరైనది పెట్టి, దాని వెంటనే రుజువు జోడించడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. మీరూ అలవాటు చేసుకోండి.

డిఫెక్టివ్ పక్కన మరో రెండు మాటలు తరచూ కలిసిపోతుంటాయి. ‘ఫాల్టీ’ ఎక్కువగా యంత్రాలకు, వైరింగుకు, తర్కానికి వాడతారు: ‘ఫాల్టీ వైరింగ్’, ‘ఫాల్టీ లాజిక్’. ‘డెఫిషియంట్’ అంటే ఉండాల్సినది చాలినంత లేకపోవడం. దాని తర్వాత ‘ఇన్’ వస్తుంది: ‘డెఫిషియంట్ ఇన్ ఐరన్’. తెలుగులో రెండింటినీ ‘లోపం’ అంటాం కాబట్టి ఇక్కడ జాగ్రత్త. ఉన్నది చెడిపోతే డిఫెక్టివ్, ఉండాల్సినది తగ్గితే డెఫిషియంట్.

‘సబ్‌స్టాండర్డ్’ రాసే ముందు ఆ స్టాండర్డ్ ఏదో మీ దగ్గర ఉండాలి: ఒప్పందంలో రాసుకున్న కొలతో, అధికారికంగా నిర్ణయించిన ప్రమాణమో. అది చూపలేకపోతే ఈ మాట జోలికి పోవద్దు. ‘ఇన్‌ఫీరియర్’కు పోలిక కావాలి, దేనికన్నా తక్కువో చదివేవాళ్ళకు తెలియాలి. మనవాళ్ళు పొరపడేది ఇక్కడే. ‘కంటే’ అనగానే ‘దాన్’ అని చేయి రాసేస్తుంది. ఇది లాటిన్ నుంచి వచ్చిన పోలిక మాట కాబట్టి ‘ఇన్‌ఫీరియర్ టు’ అనే రాయాలి. సుపీరియర్, సీనియర్, జూనియర్ కూడా అంతే. ముందు ‘మోర్’ చేర్చకూడదు.

కాలం చేసిన పాడును ‘షాబీ’ చెబుతుంది. ఒకప్పుడు బాగుండి, వాడి వాడి మాసి అరిగినది షాబీ. నిన్న కొన్నదాన్ని షాబీ అంటే అర్థం కుదరదు. మనుషుల పట్ల వాడితే అర్థం మారుతుంది: ‘షాబీ ట్రీట్‌మెంట్’ అంటే అన్యాయంగా, చిన్నచూపుతో ప్రవర్తించడం.

తళుకు ఎక్కువై విలువ తక్కువైనది ‘టాడ్రీ’. ఈ మాటలో ఒక సాధ్వి పేరు దాగి ఉంది. ఇంగ్లండులో ఈలీ అనే చోట మఠం స్థాపించిన ఎథెల్‌డ్రెడా 679లో చనిపోయింది. ఆమెకే ఆడ్రీ అని పేరు. ఆమె పేరిట జరిగే సంతలో అమ్మే లేసును ‘సెయింట్ ఆడ్రీస్ లేస్’ అనేవారు. నోళ్ళలో నలిగి ‘టాడ్రీ లేస్’ అయింది. తర్వాత చవకబారు సింగారానికంతటికీ ఆ పేరే మిగిలింది.

‘మీడియోకర్’ను ‘చాలా చెత్త’ అనే అర్థంలో రాయడం తరచూ చూస్తుంటాను. అది తప్పు. మూలంలో దాని అర్థం ‘మధ్యస్థం’. మన ‘అంతంతమాత్రం’ దానికి సరిగ్గా సరిపోతుంది: పాడు కాదు, బాగుంటుందనుకున్నవాళ్ళకు నిరాశ. ‘టెరిబుల్’, ‘అబిస్మల్’, ‘అట్రోషస్’ లాంటివి తీవ్రతనే చెబుతాయి, లోపం ఎక్కడుందో చెప్పవు. వాటిని పొదుపుగా వాడండి.

ఇప్పుడు సాధన. కింది నాలుగు సందర్భాలకు ఒక్కో ఇంగ్లీషు వాక్యం రాయండి. ప్రతిదానిలో విశేషణంతో పాటు రుజువు కూడా ఉండాలి.

గోడకు రంగు వేసినవాళ్ళు పాత పెచ్చులు గీకకుండానే పైన పూత వేసి వెళ్ళారు.

కొత్త గొడుగు మొదటి గాలికే తిరగబడి ఊచలు వంగాయి.

ఫ్యాన్ స్విచ్ వేస్తే ఒకసారి తిరుగుతుంది, మరోసారి తిరగదు.

పరీక్షకుడు వంద పేజీల నివేదికను రెండు నిమిషాలు తిప్పి సంతకం పెట్టాడు.

చివరిదానికి రెండు మాటలు సరిపోతాయి. రెండింటితోనూ రాసి చూసి, ఏది మనిషిని తప్పు పడుతోందో, ఏది పనిని తప్పు పడుతోందో పక్కన ఒక వాక్యంలో తెలుగులోనే రాసుకోండి. ఎనిమిదో పాఠం ఆ వాక్యంతోనే మొదలవుతుంది.