సిక్లిడ్ల కొట్లాట: ముందు నీళ్లు చూడండి, తర్వాత చేపను చూడండి

అక్వేరియంలో పెంచే సిక్లిడ్ జాతి చేపల్లో కొట్లాడనిది ఉండదు. మొప్పల మూతలు విప్పుకుని ఎదురెదురుగా నిలబడటం, తోకతో నీళ్లు కొట్టి బెదిరించడం, రెండు సెకన్లు తరిమి వెనక్కి రావడం వాటికి రోజూ ఉండేదే. అందులో మనం వేలు పెట్టనక్కర్లేదు. ఆ తీరు మారినప్పుడు మాత్రం పట్టించుకోవాలి: తరమడం ఆగకపోతే, రెక్కలు చిరిగితే, పొలుసులు రాలితే, కలుపుగోలుగా తిరిగే చేప రాయి వెనక దాక్కుంటే, లేదా మేత ముట్టకపోతే.

ట్యాంకుకు ఆరడుగుల దూరంలో పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. దగ్గరికి పోతే మేత వేస్తారనుకుని అన్నీ అద్దం దగ్గరికి వస్తాయి, అసలు సంగతి తెలియదు. తరిమేది ఒక్కటేనా, అన్నీనా? దెబ్బలు తినేది ఎక్కడుంది? హీటర్ వెనక, పైన మూలలో నీటి మట్టానికి అంటుకుని నిలబడ్డ చేప ఉంటే, మిగతావి దానికి కింద చోటు లేకుండా చేశాయని అర్థం. గత రెండు మూడు రోజుల్లో ఏం మారిందో కూడా గుర్తు తెచ్చుకోండి: నీళ్లు మార్చారా, రాళ్లు కదిపారా, కొత్త చేప వచ్చిందా, కరెంటు పోయిందా? నూటికి తొంభై కేసులు ఈ నాలుగు ప్రశ్నల్లోనే తేలిపోతాయని మేం అనం. మొదట అడగాల్సినవి మాత్రం ఇవే.

అన్నీ ఒకేసారి చిరాకుపడుతున్నాయి

ఒక్క చేప కాకుండా ట్యాంకంతా మారితే తప్పు చాలావరకు చేపలది కాదు, నీళ్లది. అటూ ఇటూ దూసుకుపోతాయి, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటాయి, దగ్గరికొచ్చిన దాన్నల్లా కొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. చుక్కల మందుతో చూసే టెస్ట్ కిట్ వాడండి.

నల్లగొండ, పాలమూరు వైపు ఈ లెక్క కొంచెం వేరుగా ఉంటుంది. బోరు నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, ట్యాంకు విషయంలో ముందుగా దెబ్బ తీసేది గట్టిదనం. బకెట్ అంచున, గీజర్ లోపల తెల్లగా పేరుకునే ఆ సున్నమే నీటి పీహెచ్‌ను 8 దగ్గర నిలబెడుతుంది. అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ భాగం నూటికి ఒక్కటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి ఐదుకు పైనే. 30 డిగ్రీల్లో పీహెచ్ 8.5 అయితే నూటికి ఇరవై. కిట్‌లో అదే రంగు, అదే అంకె కనిపిస్తున్నా మెత్తటి (గట్టిదనం తక్కువున్న) నీళ్లలో తట్టుకునే చేప మన బోరు నీళ్లలో తట్టుకోలేదు.

ఇంకో మెలిక ఉంది. లోతు బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. అప్పుడు చూస్తే పీహెచ్ 7.2 వస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి ఒక రోజు ఉంచితే అదే నీరు 8 దాటొచ్చు. అందుకే బోరు నీళ్ల పీహెచ్ 24 గంటలు గాలి ఆడించాకే చూడాలి, ట్యాంకులో పోసేది కూడా ఆ తర్వాతే.

మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు కృష్ణ నుంచి శుద్ధై వచ్చేవి, గట్టిదనం తక్కువ, కానీ క్లోరిన్ కలిసి ఉంటుంది. సంపులోంచి నేరుగా పోస్తే మొప్పలు కాలడంతో పాటు ఫిల్టర్‌లో అమ్మోనియాను తినే బాక్టీరియా చస్తుంది. రెండు మూడు రోజుల తర్వాత అమ్మోనియా పెరిగి కొట్లాట మొదలైతే ఆ నీటి మార్పిడి ఎవరికీ గుర్తుండదు. మూత లేకుండా ఒక రోజు ఉంచండి, లేదా హైపో (క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్) వాడండి. 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉన్న 100 లీటర్లకు ఒకటిన్నర గ్రాముల హైపో స్ఫటికాలు చాలు.

అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఈ వారం బోరు, వచ్చే వారం నల్లా. నల్లా రాని రోజు బోరు పోసేస్తారు. ఏదో ఒకదాన్ని పట్టుకోండి. మార్చక తప్పకపోతే వారానికి ఐదో వంతు చొప్పున నాలుగైదు వారాల్లో మార్చండి. మలావీ సరస్సు నుంచి వచ్చిన ఎల్లో, కెన్యీ, ఆరటస్ లాంటి ఆఫ్రికన్ సిక్లిడ్లకు పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు సొంతిల్లు లాంటిదే. మన బోరు వాటికి బాగా నప్పుతుంది. ఏంజెల్, డిస్కస్‌లు మెత్తటి నీళ్ల చేపలు. వాటికి నల్లా నీళ్లు, లేదా ఆర్వో కలిపిన నీళ్లు.

ఇప్పటికే అమ్మోనియా కనిపిస్తే: ఆ పూటే మూడో వంతు నీళ్లు మార్చి, రెండు రోజులు మేత ఆపి, ఎయిర్ పంపు ఎక్కువ పెట్టండి. ఫిల్టర్ స్పాంజిని మాత్రం నల్లా కింద కడగొద్దు. ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

మధ్యాహ్నం అయితే కొట్లాట, పొద్దున ప్రశాంతం

ఏప్రిల్, మే నెలల్లో ఇదే కనిపిస్తే కారణం వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ చేప ఒంట్లో పని వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు 7.5 దగ్గర ఆగుతాయి. 32 దాటితే ఊపిరి కోసం పైకొస్తాయి, బలమున్నది గాలి బుడగలు వచ్చే చోటును తన సొంతం చేసుకుంటుంది.

పైమూత తీసి వల కప్పండి (సిక్లిడ్లు దూకుతాయి), నీటి మీదుగా చిన్న టేబుల్ ఫ్యాను అడ్డంగా తిప్పండి. ఇంట్లో కూలర్ పనిచేసే సూత్రమే ఇది. మన పొడి ఎండల్లో రెండు నుంచి నాలుగు డిగ్రీలు దించుతుంది, వానలు పడ్డాక అంత పనిచేయదు. ఆవిరైన నీటి బదులు బోరు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, సున్నం, ఉప్పు ట్యాంకులోనే మిగిలిపోతాయి. తగ్గినంత ఆర్వో నీళ్లతో నింపండి. గడ్డకట్టించిన నీళ్ల సీసా మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు: లీటరు సీసా 200 లీటర్ల ట్యాంకును అర డిగ్రీ దించితే గొప్ప.

కరెంటు పోయినప్పుడు ముందు ఆగకూడనిది గాలి. ఎయిర్ పంపుకు మూడు నుంచి ఐదు వాట్లే కాబట్టి ఇన్వర్టర్ మీద పెట్టేయొచ్చు. పంపును నీటి మట్టానికి పైన ఉంచండి, లేదా ట్యూబుకు చెక్ వాల్వ్ బిగించండి. లేకపోతే ఆగినప్పుడు నీళ్లు వెనక్కి కారతాయి. కెనిస్టర్ ఫిల్టర్ మూడు నాలుగు గంటలకు పైగా ఆగితే నేరుగా స్విచ్ వేయొద్దు. లోపల గాలి లేక కుళ్లిన నీటిని పారబోసి, మీడియాను (ఫిల్టర్ లోపలి స్పాంజి లాంటి సరుకును) ట్యాంకు నీళ్లలో జాడించి, అప్పుడు వేయాలి.

ఒక్కటే అన్నిటినీ తరుముతోంది

షాపులో "మిక్స్‌డ్ ఆఫ్రికన్స్" అని రెండు అంగుళాల పిల్లలు పది తెస్తారు. కొన్ని నెలలు అన్నీ స్నేహంగా ఉంటాయి. 7, 8 సెంటీమీటర్లకు రాగానే మగవి పక్వానికొచ్చి గుట్టలు పంచుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు రంగు మార్పు కూడా కనిపిస్తుంది. పసుపు ఆరటస్‌లలో మగది పెత్తనానికి రాగానే నల్లబడుతుంది. కెన్యీలో తలకిందులు, నీలంగా ఉన్న మగది పసుపుకు తిరుగుతుంది. ఇది రోగం అనుకుని మందు పోసిన ట్యాంకులు తక్కువేం లేవు. చురుగ్గా తిరుగుతూ, తింటూ నల్లబడ్డ చేపకు మందు అక్కర్లేదు.

సరిచేయడానికి ఈ వరసలో పోండి. పెత్తనం చేసే చేపను తీసి వారం రోజులు వేరే తొట్టిలో ఉంచండి. ఈలోగా రాళ్ల అమరిక మొత్తం మార్చేయండి. హద్దులన్నీ రాళ్లను బట్టే ఉంటాయి కాబట్టి, తిరిగొచ్చిన చేప ఎవరి చోటూ తెలియని కొత్త ఊరికి వచ్చినట్టవుతుంది. రాళ్లు ఇసుక మీద కాకుండా అడుగు అద్దం మీద పరిచిన ప్లాస్టిక్ జాలీ మీద నిలబెట్టండి. ఇవి తవ్వుతాయి, ఇసుక మీది గుట్ట కూలి అద్దం పగులుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు కూడా మంచి గుహలే.

ఏ రాయైనా ఫర్వాలేదా అంటే, కాదు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు దొరికే సున్నపురాయి, తాండూరు నాపరాయి ఆఫ్రికన్లకు సరే కానీ ఏంజెల్, డిస్కస్‌లకు వద్దు. నిమ్మరసం చుక్క వేస్తే నురగ వస్తే సున్నపురాయి. గ్రానైట్‌తో ఏ ఇబ్బందీ లేదు.

ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉంటే వేధింపు పంచుకుపోతుంది. ఆసన రెక్క (పొట్ట కింద వెనక ఉండేది) మీది గుండ్రటి మచ్చలు చూసి మగదని నమ్మొద్దు, ఆడవాటికీ ఉంటాయి. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ట్యాంకు సుమారు 250 లీటర్లు. అందులో చిన్న జాతి ఆఫ్రికన్లు 15 నుంచి 20 ఉంచితే కొట్లాట తగ్గుతుంది, ఐదే ఉంచితే పెరుగుతుంది. వినడానికి వింతగా ఉన్నా, గుంపులో ఒకే చేపను పట్టి వేధించడం కుదరదు. అయితే గంటకు 2,000 లీటర్లకు పైగా తిప్పే ఫిల్టర్ లేకుండా ఈ పద్ధతి వద్దు. ఆస్కార్లకు ఇది వర్తించదు. అవి అడుగు దాటి పెరుగుతాయి, ఈ ట్యాంకులో ఒక్కటే ఎక్కువ.

కొత్తవి వేసేటప్పుడు ఒక్కటి వేయకండి, మూడు నాలుగు కలిపి, పాతవాటికి కడుపునిండా మేత వేశాక, లైట్లార్పి వదలండి.

జంట ఒక మూలను పట్టుకుని ఎవర్నీ రానీయడం లేదు

రాయిని నోటితో శుభ్రం చేయడం, ఇసుక తవ్వి గుంట తీయడం, ఒళ్లు వణికించడం కనిపిస్తే గుడ్లు రాబోతున్నాయి. కాన్విక్ట్ సిక్లిడ్ల జంట తనకన్నా రెట్టింపు ఉన్న చేపను కూడా మూలకు తోసేస్తుంది. డిఫ్యూజర్ షీటును (లైట్ల కింద వాడే గళ్ల ప్లాస్టిక్ పలక) ట్యాంకు వెడల్పుకు కోసి అడ్డం పెట్టండి, పిల్లలు పెద్దయ్యేదాకా తీయొద్దు. ఆఫ్రికన్లలో గడ్డం ఉబ్బి, మేత ముట్టని ఆడది నోట్లో గుడ్లు మోస్తోంది. మూడు వారాల దాకా తినదు, కంగారు పడొద్దు. మగది తరుముతుంటే ఆ ఆడదాన్ని వలతో మెల్లగా వేరే తొట్టికి మార్చండి.

ఫ్లవర్‌హార్న్ అద్దాన్ని గుద్దుతుంటే అది తన నీడతోనే కొట్లాడుతోంది. గదిలో వెలుతురు తగ్గి ట్యాంకు లైటు ఒక్కటే ఉన్నప్పుడు అద్దం దర్పణం అవుతుంది. వెనకా పక్కలా కాగితం అంటించండి. దానికి తోడుగా ఇంకో చేప కావాలని మాత్రం అనుకోవద్దు.

కొట్లాటలేదు, చేప మూలన నల్లగా నిలబడింది

ఆస్కార్ నీళ్లు మార్చినా, రాయి కదిపినా అలిగి పక్కకు పడుకుంటుంది. మొప్పలు మామూలుగా ఆడుతుంటే ఒక రోజు వదిలేయండి. మేత మానేసి, తెల్లటి దారంలా విసర్జిస్తూ, తల మీద చిన్న గుంటలు పడుతుంటే అది పేగుల్లోని పరాన్నజీవి కావొచ్చు. మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర 60 లీటర్లకు ఒకటి, పొడిచేసి కరిగించి పోయండి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందు తీసేయాలి. రోజు విడిచి రోజు నాలుగో వంతు నీళ్లు మార్చి అదే మోతాదు, మొత్తం మూడుసార్లు. పీహెచ్, అమ్మోనియా సరిచేయకుండా మందు మీద ఆధారపడితే అది మళ్లీ వస్తుంది.

దెబ్బతిన్న చేపను వేరు తొట్టిలో, లీటరుకు రెండు గ్రాముల కల్లుప్పుతో ఉంచండి, సగం నీళ్లు రోజు విడిచి రోజు మార్చండి. రెక్కల చివర పారదర్శకమైన కొత్త పొర కనిపిస్తే మానుతున్నట్టే. తిరిగి పంపేది అది పూర్తిగా కోలుకుని మేత కోసం పైకి ఎగబడేటప్పుడు, రాత్రి లైట్లార్పాక, రాళ్లు మార్చిన తర్వాత.