గుమ్మడి గింజ పెట్టే ముందు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు పెరట్లో గుమ్మడి వేసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

– తీగకు తీగకు 2 మీటర్లైనా ఎడం ఉండాలి. చోటు లేకపోతే ఒక్క తీగే చాలు.

– వానాకాలమైతే మట్టి ఎత్తు చేసి, గింజ 2 సెంటీమీటర్ల లోతులో పెట్టండి. నీరు నిలిస్తే కుళ్లుతుంది.

– రెండాకుల మొలకనే ఎర్ర పెంకు పురుగు జల్లెడ చేసేస్తుంది. పొద్దున్నే మందకొడిగా ఉంటుంది, అప్పుడే ఏరి సబ్బునీళ్లలో వేయండి. గంధకం పొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి.

– మొదట్లో వచ్చేవి దాదాపు మగపూలే, టెన్షన్ పడకండి. ఆడపూవు కింద బుల్లి పిందె కనిపిస్తుంది. తేనెటీగలు రాకపోతే పొద్దున్నే మగపూవు రేకలు తీసి, పుప్పొడిని ఆడపూవు మధ్యలో అద్దండి. పూల వేపుడు ఎంత రుచైనా, పక్కింటి ఒడియావాళ్లను చూసి మగపూలన్నీ కోసేయకండి!

– కాయ చేదుగా ఉంటే పారేయండి, వండొద్దు.