కాజీపేట కళ్లతో ఐషెన్‌బెర్గ్ జంక్షన్‌ను చదవడం ఎలా

నేను కాజీపేటలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషిని. మా బిడ్డ జర్మనీలో విట్సెన్‌హౌజెన్ అనే చిన్న ఊళ్లో సేంద్రియ వ్యవసాయం చదువుతోంది. కాసెల్ యూనివర్సిటీ వాళ్ల వ్యవసాయ విభాగం ఆ ఊళ్లోనే ఉంది. పోయిన జూన్‌లో నేనూ మా ఇంటామె అక్కడికి పోయాం. గొట్టింగెన్‌లో కాసెల్ బండి ఎక్కాల్సింది, బెబ్రా బండి ఎక్కాం. తప్పు నాదే. రైల్వేలో పనిచేసినవాణ్ని, నన్ను అడిగేదెవరు అన్న ధీమాతో బోర్డు సరిగా చూడలేదు. ఫోన్ చేస్తే మా బిడ్డ, "బాపూ, టెన్షన్ పడకుండ్రి, ఐషెన్‌బెర్గ్‌లో దిగుండ్రి, రెండు బండ్లూ అక్కడిదాకా ఒకటే తోవ" అంది. దిగాం. తర్వాతి బండికి గంట టైముంది.

ఊరు చూస్తే గుప్పెడు ఇండ్లు. స్టేషన్ చూస్తే నాలుగు దిక్కులకు నాలుగు లైన్లు. ఇంత చిన్న ఊరికి ఇన్ని పట్టాలెందుకు? ఆ గంటసేపు అదే చూస్తూ కూర్చున్నాను. పిల్లల దగ్గరికి జర్మనీ పోయే తల్లిదండ్రులు మనవైపు చాలామంది ఉన్నారు. ఇలాంటి జంక్షన్‌లో దిగాల్సి వస్తే దాన్ని ఎలా చూడాలో, ఎట్లా తికమక పడకుండా ఉండాలో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు చేతులు లెక్కపెట్టండి

ఒక కాగితం మీద చుక్క పెట్టండి. దాని నుంచి ఎన్ని లైన్లు బయటికి పోతున్నాయో గీయండి. ఆ లైన్లనే నేను చేతులంటున్నాను. ప్రతి గీత కొసన, ఆ దిక్కున వచ్చే పెద్ద ఊరి పేరు రాయండి. పక్క స్టేషన్ పేరు వద్దు, అది ఎవరికీ గుర్తుండదు. కాజీపేటకైతే మూడు: సికింద్రాబాద్, బల్లార్షా, విజయవాడ. ఐషెన్‌బెర్గ్‌కు నాలుగు: ఉత్తరాన గొట్టింగెన్, తూర్పున హాలె, దక్షిణాన బెబ్రా, పడమర కాసెల్.

మనదగ్గర పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో 'జంక్షన్' అని రాసి ఉంటుంది కాబట్టి పని సులువు. అక్కడ నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో ఉత్త ఊరి పేరే ఉంటుంది. జంక్షనా కాదా అన్నది మీరే కనిపెట్టుకోవాలి. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్ల రైల్వే నియమాల ప్రకారం కనీసం ఒక్క జత పాయింట్లయినా, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే ఏర్పాటు, ఉంటేనే అది 'బాన్‌హోఫ్', అంటే స్టేషన్. పాయింట్లు లేకుండా బండి ఆగి పోయే చోటు 'హాల్టెపుంక్ట్'. మన హాల్ట్ లాంటిదనుకోండి. పాయింట్స్‌మన్‌గా బతికినవాడికి ఆ నియమం ఎంత ముచ్చటగా ఉంటుందో వేరే చెప్పాలా.

ఏ చేయి ముందు పుట్టింది?

జంక్షన్ ఏదైనా ఒక్కరోజులో పుట్టదు. ముందు ఒక లైను వస్తుంది, తర్వాత ఇంకోటి వచ్చి అతుక్కుంటుంది. కాజీపేట మీదుగా సికింద్రాబాద్ నుంచి బెజవాడకు లైను పూర్తయింది 1889లో, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో. బల్లార్షా చేయి వచ్చింది 1929లో. మధ్యలో నలభై ఏండ్లు. ఆ చేయి కలిసిన తర్వాతే ఢిల్లీ నుంచి మద్రాసుకు ఈ తోవన నేరుగా బండి నడిచింది.

ఐషెన్‌బెర్గ్‌లో 1872లో హాలె–కాసెల్ లైను వచ్చింది. 1876కల్లా గొట్టింగెన్–బెబ్రా లైను వచ్చి దాన్ని కలిసింది. అయితే అసలు కథ అంతకుముందుది. గొట్టింగెన్ అప్పట్లో హానోవర్ రాజ్యంలో ఉండేది. ఐషెన్‌బెర్గ్, విట్సెన్‌హౌజెన్ ఉన్న లోయ పక్కనున్న హెస్సె రాజ్యంలో ఉండేది. హానోవర్ వాళ్లు కాసెల్ వైపు లైను వేసేటప్పుడు, పరాయి రాజ్యం నేల తొక్కకూడదని, చదునుగా ఉన్న నది లోయను వదిలేసి డ్రాన్స్‌ఫెల్డ్ అనే ఊరి మీదుగా గుట్ట ఎక్కించారు. అది 1856 మాట. ఆ ఎత్తు ఎక్కడానికి బరువు బండ్లకు ఇంకో ఇంజను సాయం కావాల్సి వచ్చేది. మనం బ్యాంకర్ అంటాం చూడండి, అది. 1866లో ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యం ఆ రెండు రాజ్యాలనూ కలిపేసుకుంది. హద్దు పోయింది కాబట్టి లైన్లు లోయలోకి దిగాయి, ఐషెన్‌బెర్గ్‌కు జంక్షన్ యోగం పట్టింది. గుట్ట మీది లైనులో ప్యాసింజర్ బండ్లు 1980 దాకా నడిచి ఆగిపోయాయి.

కాబట్టి పల్లెటూళ్లో పెద్ద జంక్షన్ కనబడితే, ఊరిలో ఏముందని వెతకకండి. ఆ లైన్లు వేసిన రోజుల్లో హద్దులు ఎక్కడున్నాయో వెతకండి. నిజాం రాజ్యంలో ఏ లైను ఎప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో చూసినా ఇదే కనబడుతుంది.

ఒకే కొసన కలిసే చేతులేవి?

నా లెక్కన అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే, కానీ దీన్ని ఎవరూ చూడరు. స్టేషన్‌కు రెండు కొసలుంటాయి. ఏ లైను ఏ కొస నుంచి లోపలికి వస్తుందో గుర్తు పెట్టండి. కాజీపేటలో సికింద్రాబాద్ లైను ఒక కొసన వస్తుంది. బల్లార్షా లైను, వరంగల్ మీదుగా విజయవాడ పోయే లైను రెండూ అవతలి కొసన వస్తాయి. కాబట్టి సికింద్రాబాద్ నుంచి బల్లార్షాకు పోయే బండి ముక్కుసూటిగా పోతుంది, విజయవాడకు పోయేదీ అంతే. కానీ బల్లార్షా నుంచి వచ్చి విజయవాడ పోవాల్సిన బండి కాజీపేట ప్లాట్‌ఫారం మీదికి వస్తే వచ్చిన దిక్కుకే మళ్లీ తిరగాలి. ఇంజను విప్పాలి, పక్క లైను మీదుగా అటు చివరికి తీసుకుపోవాలి, తగిలించాలి, బ్రేకు ప్రెషర్ చూడాలి. అంత టైము ఎవరిస్తారు? అందుకే స్టేషన్ బయటే ఒక వంపు లైను ఉంది. ఢిల్లీ–చెన్నై బండ్లు చాలావరకు కాజీపేట టౌన్ మీదుగా ఆ వంపు పట్టుకుని వరంగల్ పోతాయి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, మా దగ్గర ఆగదు. దీనిమీద కాజీపేటవాళ్లకు ఎప్పటినుంచో కడుపుమంట. మనల్ని చిన్నచూపు చూస్తున్నారని అంటారు. నేనైతే పట్టాల మీద కోపం పెట్టుకోను, ఆ వంపు అక్కడ అవసరం.

ఐషెన్‌బెర్గ్‌లో కూడా అచ్చం ఇదే. గొట్టింగెన్ లైను, హాలె లైను ఒకే కొసన వస్తాయి. కాసెల్, బెబ్రా రెండో కొసన. గొట్టింగెన్ నుంచి కాసెల్‌కైనా బెబ్రాకైనా నేరుగా పోవచ్చు. గొట్టింగెన్ నుంచి తూర్పుకు పోవాలంటే మాత్రం ఇక్కడ ఇంజను అటుదిటు కావాల్సి వచ్చేది. 1990ల చివర్లో ఊరి బయట ఒక వంపు లైను వేశారు. ఇప్పుడు గొట్టింగెన్ నుంచి తూర్పుకు, ఎర్ఫుర్ట్ అనే ఊరి వైపు పోయే బండ్లు ఐషెన్‌బెర్గ్ ప్లాట్‌ఫారం మొహం చూడకుండానే పోతాయి. ఆ సంగతి తెలిశాక ఆ ఊరి మీద నాకు చుట్టరికం లాంటిది పుట్టింది.

మీకు పనికొచ్చే సంగతేమిటంటే, టికెట్ యాప్‌లో ఒక బండి జంక్షన్ పక్కనుంచే పోతున్నా ఆగదని చూపిస్తే అది తప్పు కాదు. ఎక్కడో వంపు ఉందన్నమాట. ఆ బండి కోసం ప్లాట్‌ఫారం మీద ఎదురుచూడకండి.

భవనం ఎక్కడ నిలబడింది?

జర్మన్లు దీనికి పేర్లు కూడా పెట్టుకున్నారు. రెండు లైన్లు చీలే చోట చీలిక మధ్యలో భవనం ఉంటే 'కైల్‌బాన్‌హోఫ్'. కైల్ అంటే కట్టెలు చీల్చేటప్పుడు మధ్యలో కొట్టే చీల. చుట్టూ పట్టాలుండి మధ్యలో భవనం ఉంటే 'ఇన్‌జెల్‌బాన్‌హోఫ్', అంటే ద్వీపం స్టేషన్. బెబ్రాలో అలాంటిదే ఉంది. ఒక లైను కింద, ఇంకోటి దాని మీదుగా పోతే 'టుర్మ్‌బాన్‌హోఫ్', గోపురం స్టేషన్. మామూలుగా భవనం ఒక పక్కన ఉంటే దాని ముందున్న పట్టా ఒకటో నంబరు అవుతుంది, అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది.

నంబర్లతో జాగ్రత్త. మనకు ప్లాట్‌ఫారాలకు నంబర్లుంటాయి, యార్డులో లైన్లకు వేరే నంబర్లుంటాయి. అక్కడ ప్రయాణికుడికి చెప్పేది కూడా పట్టా నంబరే, 'గ్లైస్' అంటారు. గూడ్సు బండి నిలబడే పట్టాకూ, ప్లాట్‌ఫారం లేని పట్టాకూ నంబరు ఉంటుంది. అందుకే ఒకటి, రెండు తర్వాత నాలుగు రావచ్చు. మూడు ఎక్కడని వెతుక్కుంటూ మెట్లెక్కి దిగకండి. నేను వేరే స్టేషన్‌లో ఆ పని చేశాను, రెండు పెట్టెలతో.

సిగ్నళ్లు, పాయింట్లు నడిపించే కేబిన్ కనబడితే దాని గోడ మీది అక్షరాలు చూడండి. మొదటిది స్టేషన్ పేరులోది. చివర 'ఎఫ్' ఉంటే బండ్లను నడిపించే మనిషి, అంటే మన స్టేషన్ మాస్టర్ చేసే పని చేసేవాడు, అందులో కూర్చుంటాడని గుర్తు. మా కాజీపేటలోనూ ఎఫ్ కేబిన్ ఉంది, కానీ అది ఏ, బి, సి అని వరసలో వచ్చిన ఎఫ్.

ఏ పక్కకు చూడాలి?

జోడు లైను మీద మన బండ్లు ఎడమ పట్టా మీద నడుస్తాయి. జర్మనీలో కుడి పట్టా మీద. సిగ్నళ్లు కూడా కుడిపక్కనే. ఉద్యోగమంతా ఎడమ పక్కకు చూసిన మెడ కదా, బండి వస్తుందని నేను ఒకవైపు తొంగి చూస్తుంటే అది ఇంకోవైపు నుంచి వచ్చి వెనక నిలబడింది. మా ఇంటామె ఇప్పటికీ చుట్టాలందరికీ ఈ కథ చెప్తుంది.

స్టేషన్‌లో గోడకు పసుపు కాగితం అతికించి ఉంటుంది. అది బయల్దేరే బండ్లది. మీకు అది చాలు.

పాతబడిన పట్టాలు

ఊరికి మించిన పట్టాలు కనబడి, వాటి మధ్య చెట్లు మొలిచి ఉంటే అక్కడ ఏదో ఆగిపోయిందని అర్థం. ఐషెన్‌బెర్గ్ చుట్టూ అలాంటి కథలు రెండు ఉన్నాయి.

1945లో యుద్ధం ముగిశాక జర్మనీని పంచుకున్నప్పుడు, ఐషెన్‌బెర్గ్‌కు తూర్పున ఉన్న ఆరెన్స్‌హౌజెన్ రష్యా వాళ్ల భాగంలోకి పోయింది. హాలె చేయి తెగిపోయింది. మళ్లీ 1990లో గానీ అటు బండి పోలేదు. బెబ్రా చేతికి ఇంకో చిక్కు వచ్చింది. అమెరికా వాళ్లకు ఉత్తరాన సముద్రపు రేవుకు పోవడానికి ఆ లైనే కావాలి, కానీ అది నాలుగు కిలోమీటర్ల దూరం రష్యా భాగంలోంచి పోతుంది. బండ్లకు అడ్డంకులు మొదలయ్యాయి. చివరికి 1945 సెప్టెంబర్ 17న వాన్‌ఫ్రీడ్ అనే ఊళ్లో కూర్చుని, పట్టాలు కదిలించకుండా ఊళ్లనే మార్చుకున్నారు. ఇటు ఊళ్లు అటు, అటు ఊళ్లు ఇటు. సంతకాలయ్యాక విస్కీ, వోద్కా సీసాలు ఇచ్చిపుచ్చుకున్నారట, అందుకే ఆ లైనుకు విస్కీ–వోద్కా లైను అని పేరు. ఒక్క రైలు లైను కోసం మనుషుల దేశం మారిపోయింది. ఆ ఊళ్లలో పొద్దున లేచినవాళ్ల సంగతి ఆలోచిస్తే నాకు ముద్ద దిగలేదు.

రెండోది మామూలు కథే. 1991లో హానోవర్ నుంచి కాసెల్ మీదుగా దక్షిణానికి హైస్పీడ్ లైను తెరిచారు. దూరం పోయే పెద్ద బండ్లు అటు మళ్లాయి. ఐషెన్‌బెర్గ్‌కు చిన్న బండ్లు, గూడ్సులు మిగిలాయి.

ముందే ప్రాక్టీసు కావాలంటే కాజీపేటలో ఫాతిమా నగర్ బ్రిడ్జి మీద ఒక సాయంత్రం నిలబడండి. కాగితం, పెన్ను చాలు. ఏ బండి ఎటు తిరుగుతుందో పది బండ్లు రాసుకుంటే పట్టాల అల్లిక దానంతటదే కాగితం మీదికి వస్తుంది. వీడియోలు తీయకండి, పోలీసులతో గొడవ.

ఇక చివరగా ఊరి పేర్లు. చివరికి మేము దిగిన స్టేషన్ పేరు విట్సెన్‌హౌజెన్ నార్డ్. ఊరు వెర్రా నదికి అవతల ఉంది, స్టేషన్ ఇవతల. పేరులో నార్డ్, అంటే ఉత్తరం, కనబడితే స్యూడ్, అంటే దక్షిణం, ఏదని అడగండి. దక్షిణాన ఇంకో లైను, దానికి ఇంకో స్టేషన్ ఉండేవి, ఇప్పుడు ఆ లైను లేదు. మా బిడ్డను అడిగితే, ఏడాదిన్నరగా అక్కడే దిగుతున్నా తనకు ఆ సంగతి తెలియదంది. మర్నాడు పొద్దున ఇద్దరం ఆ పాత లైను జాడ వెతుకుతూ పోయాం. ఆ ఊరు చెర్రీ పండ్లకు పేరు. తోవలో ఒకామె బుట్టల్లో అమ్ముతుంటే అక్కడే ఆగిపోయాం, కిలో కొన్నాం. లైను సంగతి ఇంకా తేలలేదు.