హార్మోన్ మాత్ర ఇబ్బందులు: ముందు అండాశయాల సంగతి తేల్చండి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత హార్మోన్ మాత్ర అంటే ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. ఏదో ఒక ఇబ్బంది రాగానే మాత్ర ఆపేస్తారు గానీ ఫైలు తెరవరు. ఐహెచ్‌సీ (కణితి ముక్కకు చేసే పరీక్ష) రిపోర్టులో ఈఆర్, పీఆర్ (ఆడ హార్మోన్లు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లను అందుకునే రిసెప్టర్లు) రెండూ నెగటివ్ అయితే ఈ మాత్రతో పనే లేదు. పాజిటివ్ ఉంటే స్ట్రిప్ మీద పేరు చూడండి: టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములా, లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములా?

పొద్దున వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు పట్టేస్తాయి: లెట్రోజోల్, అదే రకం మందు అనాస్ట్రోజోల్‌తో మామూలే. విటమిన్ డి, థైరాయిడ్ చూపించుకోండి, రోజూ నడవండి. తగ్గకపోతే ఇదే రకంలో ఇంకో మందుకు డాక్టర్ మారుస్తారు. ఎముకలకు డెక్సా స్కాన్ మొదట్లోనే చేయించాలి.

ఒంట్లో ఆవిర్లు: మే నెల హైదరాబాద్‌లో ఎండదో మందుదో తెలీదు, ఏసీ గదిలోనూ చెమట పడితే మందుది కావచ్చు. టామాక్సిఫెన్ వేసుకునేవాళ్లు దీనికి పారోక్సెటిన్, దిగులుకు ఫ్లూయోక్సెటిన్ మొదలుపెట్టొద్దు. టామాక్సిఫెన్‌ను కాలేయంలో పనిచేసే రూపానికి మార్చే ఎంజైమ్‌ను అవి అడ్డుకుంటాయి. ఇప్పటికే వాడుతుంటే ఠక్కున ఆపకుండా డాక్టర్‌కు చెప్పండి. వెన్లాఫాక్సిన్‌తో ఈ గొడవ తక్కువ.

లెట్రోజోల్ మీద ఉండగా నొప్పులు, ఆవిర్లు ఉన్నట్టుండి మాయమయ్యాయా? రొమ్ము బరువెక్కిందా, డేట్ మళ్లీ కనబడిందా? "ఒంటికి అలవాటైంది" అని సంతోషపడకండి. అసలు తిరకాసు ఇక్కడే.

ఓపీలో "డేట్ వస్తోందా అమ్మా?" అని అడుగుతారు. "లేదు సార్, గర్భసంచి తీసేశారు" అంటారు. కాగితం మీద మెనోపాజ్ అని పడుతుంది. గర్భసంచి పోతే డేట్ ఆగుతుంది, అంతే. ఈస్ట్రోజెన్ తయారుచేసేది అండాశయాలు. అవి ఆగిపోయినవాళ్లకే లెట్రోజోల్ సరిగా పనిచేస్తుంది. మన దగ్గర ముప్పైల్లోనే ఆ ఆపరేషన్ అయినవాళ్లు ఎంతమందో. పాత డిశ్చార్జి సమ్మరీ వెతకండి: టీఏహెచ్ (గర్భసంచి తీయడం) అని మాత్రమే ఉంటే అండాశయాలు ఉన్నట్టే, పక్కన బీఎస్‌ఓ (ట్యూబులతో పాటు అండాశయాలు తీయడం) అని ఉంటేనే రెండూ తీసినట్టు. కాగితం దొరక్కపోతే స్కానింగ్‌లో చూడమనండి. కీమోతో డేట్ ఆగినవాళ్లదీ ఇదే కథ. నలభైల్లో ఉంటే ఏడాది తర్వాత కూడా అండాశయాలు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టొచ్చు.

లెట్రోజోల్ వాటిని నిద్రపుచ్చదు సరికదా, తట్టి లేపుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) పెంచుతుంది. సంతానం కోసం వచ్చినవాళ్లకు అండం విడుదలవ్వాలని ఐదు రోజులు ఇచ్చేదీ ఈ మాత్రే.

పరిష్కారం: పైన చెప్పిన మార్పు కనబడిన వారమే ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టర్) కలవండి, మీ అంతట మీరు మాత్ర మార్చొద్దు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) రక్త పరీక్షలు రెండూ చేయించాలి. ఈస్ట్రడయోల్ ఎల్‌సీ-ఎంఎస్ అనే సూక్ష్మమైన పద్ధతిలో చేస్తారా అని ల్యాబులో అడగండి. మామూలు పద్ధతి అంత తక్కువ మోతాదును సరిగా పట్టదు. గర్భసంచి ఉంటే గర్భ పరీక్ష కూడా. తర్వాత టామాక్సిఫెన్‌కు మారడమా, అండాశయాలు తీయించడమా, అండాశయాలను నిద్రపుచ్చే గోసెరిలిన్ 3.6 మిల్లీగ్రాముల ఇంజెక్షనా అన్నది డాక్టర్‌తో తేల్చుకోండి. ఇంజెక్షన్ లెక్క 28 రోజులు, నెల కాదు. బతుకమ్మకు ఊరెళ్లొచ్చి వేయించుకుందాం అంటే కుదరదు. 25 డిగ్రీలు దాటని చోట పెట్టాలి, ఎండలో బండి డిక్కీలో తేవద్దు.

60 దాటినవాళ్లకు, రెండు అండాశయాలూ తీసేసినవాళ్లకు ఈ అనుమానం అక్కర్లేదు. కానీ వాళ్లకు రక్తం కనబడితే, టామాక్సిఫెన్ మీద ఉన్నవాళ్లకు మామూలుగా కాకుండా కనబడినా, గైనకాలజిస్టు గర్భసంచి లోపొర చూడాల్సిందే. టామాక్సిఫెన్‌తో ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం అరుదు; వస్తే మాత్రం గడ్డకట్టిన రక్తం కావచ్చు, ఆ రోజే ఎమర్జెన్సీకి.