పాత కారులో వైరు ఎక్కడ తెగిందో కనిపెట్టి అతకడం ఎలా?

పదిహేనేళ్లు దాటిన కారులో బ్రేక్ లైటు వెలగకపోతే ముందు బల్బు మారుస్తాం, తర్వాత ఫ్యూజ్ మారుస్తాం. అప్పటికీ వెలగకపోతే మొత్తం వైరింగ్ మార్చాలేమోనని టెన్షన్ పడతాం. చాలాసార్లు అంత అవసరం రాదు. వైరు పొడవునా ఒకేలా పాడవదు. వంగేచోట తెగుతుంది, తడి తగిలేచోట చిలుము పడుతుంది, ఎలుక కొరికినచోట పోతుంది. ఆ చోటు దొరకడమే అసలు పని. ఇక్కడ బ్రేక్ లైటును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి: మల్టీమీటర్, వైర్ కట్టర్, సాల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని జాయింట్‌ను బిగించి పట్టే గొట్టం), గరుకు కాగితం, కొత్త వైరు. పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు), తొడుగులు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటికి మీటర్ కూడా పెట్టొద్దు.

1. ముందు లక్షణం చూడండి

రెండు లైట్లూ వెలగకపోతే ఫ్యూజ్ గానీ, బ్రేక్ పెడల్ దగ్గరి స్విచ్ గానీ చూడాలి. ఒక్కటే అయితే ఆ వైపు బల్బు, హోల్డర్, వైరు. బ్రేక్ తొక్కగానే అదే వైపు ఇండికేటర్ కూడా మసకగా వెలిగిందా? అయితే ముందు ఎర్త్‌ను, అంటే బల్బు నుంచి కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారిని, అనుమానించండి. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బు గుండా పోతోందన్నమాట.

ఫ్యూజ్ మళ్లీ మళ్లీ కాలుతుంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. 10 ఆంప్స్ ఎర్ర ఫ్యూజ్ తీసి 30 ఆంప్స్ ఆకుపచ్చది మాత్రం పెట్టకండి. అప్పుడు ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది.

2. లైటు ఆన్‌లో ఉండగానే కొలవండి

చాలామంది మీటర్‌ను కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ చేసే సెట్టింగ్‌లో) పెట్టి, బీప్ వస్తే వైరు బాగుందనుకుంటారు. పాత కార్ల విషయంలో ఆ బీప్‌ను నమ్మలేం. చిలుము పట్టిన జాయింట్‌లో నాలుగైదు ఓమ్‌ల అడ్డు ఉన్నా మీటర్ బీప్ అంటుంది. కానీ వెలుగుతున్న 21 వాట్ల బల్బు నిరోధమే దాదాపు 7 ఓమ్‌లు. దాంతో రావాల్సిన వోల్టేజీలో చాలా భాగం జాయింట్ దగ్గరే పోతుంది.

అందుకే బల్బు హోల్డర్‌లోనే ఉంచి, ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, దాని నల్ల ప్రోబ్‌ను పొడవాటి వైరుతో బ్యాటరీ నెగటివ్‌కు కలిపి, ఎర్ర ప్రోబ్‌ను హోల్డర్‌లోని బ్రేక్ పిన్‌కు ఆనించండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా చూపిస్తే సరఫరా బాగున్నట్టే. తర్వాత ఎర్ర ప్రోబ్‌ను ఎర్త్ పిన్‌కు మార్చండి. అక్కడ 0.2 వోల్టులు మించకూడదు. ఒకటో రెండో వోల్టులు చూపిస్తే ఎర్త్ తుప్పు పట్టినట్టే. ఎర్త్ వైరును బాడీకి బిగించిన బోల్టు విప్పి, కింద మెరిసే ఇనుము కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజెలీన్ రాయండి.

3. తెగిన చోటు పట్టుకోండి

సరఫరా రాకపోతే ముందు డిక్కీ తలుపు మడత దగ్గరి రబ్బరు గొట్టం చూడండి. ఏళ్ల తరబడి తెరిచి మూసిన చోటు అదే. గొట్టం వెనక్కి లాగి, ఒక్కో వైరునూ రెండు వేళ్లతో మెల్లగా లాగండి. బాగున్న వైరు బిగుసుకుని ఉంటుంది. లోపల రాగి తెగినదైతే పైతొడుగు మాత్రమే మిగలడంతో మెత్తగా సాగుతుంది. పైకి ఏ గీతా కనిపించదు కాబట్టి ఈ పని కళ్లకంటే వేళ్లే బాగా చేస్తాయి. ఒకటి తెగిందంటే పక్కవీ చూడండి, అవీ అదే వయసువి.

4. అతకండి

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. నల్లబడిన రాగికి సాల్డర్ పట్టదు, మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించండి. తెగిన చోటే కలిపేస్తే మళ్లీ తెగుతుంది. సాల్డర్ పీల్చుకున్న వైరు కమ్మీలా బిరుసెక్కి, వంగినప్పుడు దాని అంచు దగ్గరే విరుగుతుంది. అందుకే అంతే మందం ఉన్న కొత్త ముక్క వేసి, రెండు జాయింట్లూ మడతకు అవతల పడేలా చూసుకోండి. కలపకముందే స్లీవ్ ఎక్కించుకోండి. నాలుగైదు వైర్లుంటే జాయింట్లన్నీ ఒకేచోట కాకుండా ఎడంగా వేయండి. మన ఎండలకు మామూలు టేపు జిగురు కారి ఊడిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

రబ్బరు గొట్టం తిరిగి ఎక్కించి, బ్యాటరీ కలిపి, బ్రేక్ తొక్కి ఉంచి డిక్కీని నెమ్మదిగా పదిసార్లు తెరిచి మూయండి. లైటు ఒక్కసారి మిణుకుమన్నా ఇంకో వైరు మిగిలి ఉన్నట్టే.