కొండదారి ఎక్కే ముందు టైర్ల గాలి తగ్గించండి

పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ వైపు మనవాళ్లు నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండి కొనగానే దేవమాలి మీద కన్నేస్తారు. 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. కానీ మొదటి ప్రయాణానికి ఎత్తు చూసి దారి ఎంచుకోకండి, బండి వెనక్కి తిప్పుకునే చోటు ఉందో లేదో చూసి ఎంచుకోండి. వానల్లో ఇక్కడి ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మేలు.

అసలు సంగతి గాలి. తారు దారి వదిలిన చోట ఆగి, మామూలుగా 32 పీఎస్ఐ ఉంచే టైరును 24 దాకా దించండి. టైరు కాస్త పరుచుకుని నేలను పట్టుకుంటుంది, రాళ్ల కుదుపూ తగ్గుతుంది. వేగం మాత్రం పెంచకూడదు. మళ్లీ తారెక్కే ముందు గాలి నింపాల్సిందే, లేకపోతే టైరు వేడెక్కి పగలవచ్చు. అందుకే చిన్న గాలి పంపు, గేజి బండిలోనే ఉండాలి. ఒకసారి నేను పంపు మరచిపోయి పది కిలోమీటర్లు నత్తనడకన వచ్చాను. వెనక ఆటోల హారన్లు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి!

నిటారు దిగుడులో బ్రేకు తొక్కి పట్టుకోకండి. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే ‘ఫోర్ లో’ అమరికలో మొదటి గేరు వేస్తే ఇంజనే బండిని నిలవరిస్తుంది. పొడి తారు మీదకు రాగానే రెండు చక్రాలకే శక్తి అందే టూ వీల్‌కు మార్చండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా బయలుదేరే ముందే చూసుకోండి.